కత్తీ, చిడతలూ: కాంతారావు నటజీవితం

నటునకు కీర్తి రెండు విధాల లభిస్తుంది. కథ యావత్తూ తనచుట్టూ తిరిగినప్పుడు లభించే కీర్తి ఒకటి. పదిమంది నడుమ తనకు నిర్ణయించిన చోట నిలబడి, ఆ చోటికి వన్నె తెచ్చినందువల్ల లభించే కీర్తి మరొకటి. ఈ రెండవదానికి ఓర్పు కావాలి, వృత్తి యెడల గౌరవం కావాలి. వేషంతోపాటు అహంకారాన్ని కూడ విప్పి ప్రక్కన పెట్టగల శక్తి కావాలి. ఈ రెండు కీర్తులనూ చవిచూచి, రెండవదానిని తుదిదాకా నిలుపుకొన్న నటుడు తాడేపల్లి లక్ష్మీకాంతారావుగారు. ప్రేక్షకలోకానికి ఆయన కత్తి కాంతారావు.

నల్లగొండ జిల్లాలో, కోదాడ సమీపాన ఉన్న గుడిబండ గ్రామంలో ఆయన 1923 నవంబరు 16న జన్మించారు. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఆ ప్రాంతం సూర్యాపేట జిల్లాలో చేరింది. ఆయన పుట్టేనాటికి అది నిజాం రాజ్యం. రాజభాష ఉర్దూ; చెలామణి అయ్యే నాణెం హాలీ సిక్కా. తెలుగు చిత్రాలు తయారయ్యే మద్రాసు నగరమో, వేరొక ప్రభుత్వం క్రింద ఉన్న దూరదేశం. అయినా ఆ మెట్టసీమలో కళలకు కరవు లేదు. కోతలు ముగిసి ధాన్యం ఇల్లు చేరిన పిమ్మట చిందు భాగవతులు వచ్చేవారు, యక్షగానాలు ఆడేవారు, నాటక సమాజాలు డేరాలు వేసేవి. కృష్ణుడంటే ఎట్లా నడవాలో, నారదుడంటే ఎట్లా నవ్వాలో అక్కడి పిల్లలకు పుస్తకాలకంటె ముందుగా ఆ రాత్రులే నేర్పేవి. కాంతారావుగారికి నాటకాలమీద మక్కువ కలిగినది ఆ గాలిలోనే.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైంది. నల్లగొండ జిల్లాలో రైతాంగ పోరాటం 1951 దాకా సాగింది. అటువంటి కల్లోలకాలపు యువకుడు వేషాల కోసం మద్రాసు వెళ్ళడం ఆనాడు సాహసమే. తెలంగాణమునుండి వెండితెరకు వెళ్ళి నిలిచినవారు అప్పటికి బహుకొద్దిమంది. కరీంనగరంలో పుట్టిన పైడి జైరాజు మూకీల కాలంలోనే బొంబాయి చేరి హిందీ చిత్రాలలో పేరు గడించారు. నల్లగొండ జిల్లాలోనే తుంగతుర్తికి చెందిన డాక్టరు ప్రభాకరరెడ్డి తెరమీదికి వచ్చినది 1960లో. ఈ ఇరువురి నడుమ, తెలుగు చిత్రసీమలోనే నిలద్రొక్కుకోదలచి మద్రాసు చేరినవారు కాంతారావుగారు.

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను తీసిన హెచ్.ఎం. రెడ్డిగారు ఆయనను చేరదీశారు. 1951లో ‘నిర్దోషి’లో చిన్న వేషం లభించింది. 1953లో ‘ప్రతిజ్ఞ’లో కథానాయకుడయ్యారు. తరువాత ఎన్నో చిత్రాలలో ఆయన కత్తికి ఎదురు నిలిచిన రాజనాల కూడ ఆ చిత్రంతోనే తెరకెక్కారు. ఒకసారి నాయకుడైన నటుడు అంతకు తక్కువ వేషానికి అంగీకరించడం కష్టం; చుట్టూ ఉన్నవారే వలదంటారు. కాంతారావుగారు ఆ లెక్క వేసుకోలేదు. 1955లో ‘జయసింహ’లో ఎన్.టి. రామారావుగారు నాయకుడు కాగా తాను సోదర పాత్ర ధరించారు. 1962లో ‘రక్తసంబంధం’ రామారావు, సావిత్రిగార్ల అన్నాచెల్లెళ్ళ కథ. అందులో సావిత్రి భర్తగా నటించి, ఇరువురు మహానటుల నడుమ నలిగిపోకుండ నిలిచారు.

ఆయనకు సొంత సింహాసనం వేసి కూర్చోబెట్టినవారు బి. విఠలాచార్యగారు. ‘జయ విజయ’ (1959), ‘కనకదుర్గ పూజామహిమ’ (1960), ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘నవగ్రహ పూజామహిమ’ (1964), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965): ఈ పేర్లు వింటే చాలు, ఆ తరంవారికి టూరింగు టాకీసు నేలమీద కూర్చున్న రాత్రులు జ్ఞాపకం వస్తాయి. విఠలాచార్యగారిది పొదుపు పద్ధతి. అనుకొన్న వ్యయంలో, అనుకొన్న దినాలలో చిత్రం ముగియాలి. అటువంటి చోట ఆలస్యంగా వచ్చే నటుడు, సంభాషణలు తడుముకొనే నటుడు పనికిరాడు. మాయలు, మంత్రాలు అధికభాగం కెమెరాలోనే సాధించేవారు. రాకుమారుని ఎదుట రాక్షసుడు ప్రత్యక్షం కావాలంటే కెమెరా ఆపుతారు. రాక్షస వేషధారి వచ్చి నిలుచుంటాడు. మరల కెమెరా నడుస్తుంది. ఆ నడిమికాలంలో నాయకుడు ఎత్తిన చేయి దింపరాదు, తిప్పిన తల కదల్చరాదు. లేని రాక్షసుని చూచి ఉలికిపడాలి. లేని అగ్నికి వెనుకడుగు వేయాలి. కత్తియుద్ధం కూడ అంతే; చూచేవారికి అది ఆవేశం, చేసేవారికి లెక్క. అడుగు తప్పితే ఎదుటివానికి గాయమవుతుంది. ఈ శ్రమ యావత్తూ తెరమీద కనబడకపోవడమే అందులోని నేర్పు. కత్తి అన్నమాట ఆయనకు ఇంటిపేరైనది ఊరకే కాదు.

జానపదాలలో నాయకుడుగా వెలుగుతున్న ఆ సంవత్సరాలలోనే ఆయన పౌరాణికాలలో ప్రక్క పాత్రలు ధరించారు. ఆయన వృత్తినిష్ఠకు అసలైన పరీక్ష ఇదే. 1957లో ‘మాయాబజారు’ వచ్చినప్పటినుండి తెలుగువారికి కృష్ణుడంటే రామారావుగారు. 1963లో ‘నర్తనశాల’లో రామారావుగారు అర్జునుడుగా, బృహన్నలగా నటించగా, కృష్ణుని కిరీటం కాంతారావుగారి తలకెక్కింది. జనం మనస్సులో కృష్ణుడైన వాని ఎదుటనే కృష్ణుడుగా నిలబడడం సామాన్యమైన పని కాదు. అనుకరిస్తే నవ్వులపాలు, కావాలని భిన్నంగా చేస్తే పాత్రకే చేటు. ఆయన ఆ రెండూ చేయలేదు. తక్కువ మాటలతో, మెత్తని చిరునవ్వుతో, అన్నీ తెలిసిన బంధువువలె ఆ పాత్రను నడిపారు. ప్రేక్షకులు ఒప్పుకొన్నారనుటకు నిదర్శనం, 1965లో ‘పాండవ వనవాసం’లో రామారావుగారు భీముడు కాగా కృష్ణ పాత్ర మరల ఆయననే వరించడం. మరుసటి సంవత్సరం ‘శ్రీకృష్ణ తులాభారం’లో రామారావుగారు కృష్ణుడయ్యారు, కాంతారావుగారు కిరీటం దించి నారదుని చిడతలు అందుకొన్నారు. అంతకుముందు 1961లో ‘సీతారామ కల్యాణం’లోనూ ఆయనే నారదుడు. నిన్నటి దేవుడు నేడు భక్తుడు కావలసివస్తే ఆయన ముఖాన చిన్నతనం కనబడలేదు. ఆయన నారదునిలో వెకిలితనం లేదు. కలహం పెట్టినా లోకకల్యాణానికే పెడుతున్నాడన్న నమ్మకం ప్రేక్షకునకు కలిగేది.

‘లవకుశ’ చిత్రంలోని లక్ష్మణ పాత్ర మరొక ఉదాహరణ. ఆ చిత్రం 1958లో ఆరంభమై, ధనాభావంచేత మధ్యలో ఆగి, 1963లో విడుదలయింది. సి. పుల్లయ్యగారు ప్రారంభించిన పనిని వారి కుమారుడు సి.ఎస్. రావుగారు పూర్తిచేశారు. ఇన్ని సంవత్సరాల వ్యవధిలో నటుడు మారుతాడు, పాత్ర మారకూడదు. ఒక దృశ్యానికీ మరొక దృశ్యానికీ నడుమ ఎన్ని నెలలు గడిచినా, అన్నగారి ఆజ్ఞకు తలవంచి వదినెను అడవిలో విడిచి వచ్చే లక్ష్మణుని బరువు అట్లే ఉండాలి. ఆ ఘట్టంలో ఆయన ఏడుపుకంటె, ఏడవలేక నిలబడిన తీరే ప్రేక్షకులను కరిగించింది. ఊరూరినుండి బండ్లు కట్టుకొని వచ్చి చూచిన ఆ చిత్రంలో, సీతారాముల దుఃఖాన్ని మౌనంగా మోసినవాడు ఆ లక్ష్మణుడు.

సాహిత్యాభిమానులు మరువరాని పాత్ర 1969 నాటి ‘ఏకవీర’లోని వీరభూపతి. విశ్వనాథ సత్యనారాయణగారి నవలకు అది చిత్రరూపం, సంభాషణలు సి. నారాయణరెడ్డిగారివి. మిత్రులిద్దరిలో ఒకరు ప్రేమించిన కన్య వేరొకరికి భార్య అవుతుంది. ఎవరూ దుష్టులు కారు, ఎవరి తప్పూ లేదు. అయినా నలుగురి జీవితాలూ కాలిపోతాయి. సేతుపతిగా రామారావుగారి సరసన నిలిచి, కత్తి దూయుటకు శత్రువెవడూ లేని ఈ కథలో కాంతారావుగారు లోలోపలి యుద్ధం చూపారు. ఆయనను కేవలం జానపద నాయకుడని తీసివేసేవారికి ఈ పాత్ర చాలినంత సమాధానం.

ఆ 1969లోనే ఆయన నిర్మాతగా ‘సప్తస్వరాలు’ తీశారు. ఆ తరువాత ‘ప్రేమజీవులు’, ‘స్వాతిచినుకులు’ మొదలైన చిత్రాలు నిర్మించారు. నటుడుగా గడించినది నిర్మాతగా కరిగిపోయింది. అదే సమయంలో కాలం కూడ మారింది. 1970 తరువాత రంగుల చిత్రాలు సర్వసాధారణమై వ్యయం పెరిగింది. సాంఘికాలు, నేరపరిశోధక కథలు, గుఱ్ఱాలమీది తుపాకివీరుల కథలు జనాన్ని ఆకర్షించాయి. తక్కువ పెట్టుబడితో నడిచే నలుపు తెలుపు జానపదానికి చోటు లేకపోయింది. దానితోపాటు దాని రాకుమారునకూ లేకపోయింది. వేషం వేయడంలో చూపిన జాగ్రత్తను ఆయన ధనం విషయంలో చూపలేదన్నది నిజం. కాని కళలో సంపాదించినదానిని కళలోనే వెచ్చించాలన్న పట్టుదల ఆయన నటనకు బలమైనట్లే, సంసారానికి భారమైంది. నిష్ఠకు వెల ఉంటుంది. ఆ వెల నటుడొక్కడే గాక అతని ఇల్లు కూడ చెల్లిస్తుంది. ఈ సంగతి దాచిపెట్టి ఆయనను పొగడడం న్యాయం కాదు.

అటు తరువాత ఆయన చేసినదే నా దృష్టిలో ఆయన జీవితంలోని ఉత్తమ ఘట్టం. రాచరికం పోయిన రాజు తలుపులు మూసికొని కూర్చోలేదు. తండ్రిగా, తాతగా, పెద్దమనిషిగా, రెండు మూడు దృశ్యాలలో మాత్రమే కనబడే పాత్రలు స్వీకరించారు. హైదరాబాదు చేరి దూరదర్శన ధారావాహికలలోనూ నటించారు. ఒకప్పుడు తన పేరుతో చిత్రాలు అమ్ముడుపోయిన నటుడు, పేర్ల పట్టికలో చివరి వరుసలో ఉండుటకు సంకోచించలేదు. అవసరం ఆయనను పనికి పంపిందనవచ్చు. నిజమే, కాని వచ్చిన పనిని విసుగు లేకుండ చేయించినది అవసరం కాదు, అలవాటైన శ్రద్ధ. ఆయన నటించిన చిత్రాలు నాలుగు వందలు దాటాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారంతో ఆయనను గౌరవించింది. ఆయన ఆత్మకథకు ‘అనగనగా ఒక రాకుమారుడు’ అని పేరు. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశారు.

2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ చలనచిత్ర పురస్కారాలలో ఒకదానికి ఆయన పేరు పెట్టింది. ఆలస్యమైనా అది తగిన పని. కాని పెద్ద నటులకు పేరు నిలిపే గౌరవం ఎంత అవసరమో, వేషాలు తగ్గిన వయస్సులో పూట గడిపే ఆధారం కూడ అంతే అవసరం. నల్లగొండ, పాలమూరు పల్లెలనుండి నేడు నటన కోరి బయలుదేరే యువకులకు కాంతారావుగారి జీవితం ఒక మార్గం చూపుతుంది. కిరీటం పెట్టినప్పుడు ఎంత శ్రద్ధతో నిలబడతారో, చిడతలు పట్టినప్పుడూ అంతే శ్రద్ధతో నిలబడండి. సంపాదించినదానిలో కొంత ఇంటికోసం దాచుకొనండి. మొదటిది ఆయన చేసి చూపారు. రెండవది ఆయన కష్టాలు మనకు చెబుతున్నాయి.