మౌలానా హాలీ: జీవితపు మలుపులు

ఉర్దూ సాహిత్యంతో స్వల్ప పరిచయమున్న వారికి సైతం మౌలానా అల్తాఫ్ హుసేన్ హాలీ నామధేయం సుపరిచితమే. 'ముసద్దస్' కావ్యకర్తగా, మీర్జా గాలిబ్ జీవిత చరిత్రకారునిగా, ఉర్దూలో సాహిత్య విమర్శకు పునాది వేసిన మేధావిగా పాఠ్యగ్రంథాలు ఆయనను స్మరిస్తాయి. కాని ఈ కీర్తి అంతా ఆయనకు నలభై ఏళ్ళు దాటిన పిమ్మట లభించినది. అంతకు పూర్వం ఆయన ఇల్లు విడిచి వెళ్ళిన యువకుడు, కచేరీలో చిరుద్యోగి, ఉద్యోగం పోయి స్వగ్రామంలో కాలం గడిపిన నిరుద్యోగి, ఒక నవాబుగారి బిడ్డలకు ఉపాధ్యాయుడు, అనువాద గ్రంథాల భాషను సరిదిద్దే ప్రభుత్వోద్యోగి. ఒక బ్రతుకుతెరువు పోయి మరొకటి వెదుక్కోవలసిన ప్రతి సందర్భంలోను ఆయనకు ఊతమిచ్చినదేమిటో తెలుసుకోవడం, త్వరలో కళాశాల గడప దాటనున్న మన విద్యార్థులకు ఆయన పద్యాల ప్రతిపదార్థం కంటె ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

హాలీ 1837లో పానిపట్టులో, అన్సారీల వంశంలో జన్మించారు. తొమ్మిదేళ్ళ ప్రాయంలోనే తండ్రి గతించారు. తల్లి మానసిక అస్వస్థతతో బాధపడుతున్నందున ఆ బాలుని పోషణభారం అన్నగారు ఇమ్దాద్ హుసేన్ పై పడింది. ఖురాన్ కంఠస్థమైనది, పారసీక, అరబ్బీ భాషలలో ఓనమాలు దిద్దడం జరిగింది, కాని క్రమబద్ధమైన విద్య లభించలేదు. పదిహేడవ ఏట, ఆయన ఇష్టానిష్టాలతో నిమిత్తం లేకుండా, పెద్దలు వివాహం జరిపించారు. ఇక చదువుకు స్వస్తి చెప్పి సంపాదనకు పూనుకోవాలన్నది ఇంటివారి ఆకాంక్ష. 1854లో ఒకనాడు, భార్య పుట్టింటికి వెళ్ళిన సమయం చూసి, ఆయన ఎవరితోను చెప్పకుండా సుమారు 90 కిలోమీటర్ల దూరాన ఉన్న ఢిల్లీకి కాలినడకన బయలుదేరారు.

ఈ ఘట్టాన్ని జ్ఞానతృష్ణకు నిదర్శనంగా శ్లాఘించడం పరిపాటి. ఆ శ్లాఘన సబబే. అయితే కొత్తగా కాపురానికి వచ్చిన ఆ ఇల్లాలి పక్షాన ఆలోచించినవారు అరుదు. ఆమెకు చెప్పి వెళ్ళడానికి ఆ కాలపు మర్యాదలు అవకాశమిచ్చి ఉండకపోవచ్చును. కాని ఒకరి విద్యకు మరొకరు మూల్యం చెల్లించారన్న సత్యాన్ని మనం విస్మరించరాదు. హాలీ మాత్రం దానిని విస్మరించినట్లు తోచదు. తరువాతి కాలంలో ఉర్దూ కవులలో స్త్రీల మూగవేదనను అంతగా పట్టించుకున్నవారు మరొకరు లేరు. వితంతువు ప్రార్థనగా ఆయన రచించిన 'మునాజాతె బేవా' 1880ల దశకపు కృతి. అదే దశకంలో, 1881 డిసెంబరులో, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఒకరి నొకరు ఎరుగని ఆ ఇరువురు దేశానికి రెండు అంచులలో ఉండి ఒకే దుఃఖాన్ని ఆలకించారు.

ఢిల్లీలో హాలీ ఒక మదర్సాలో చేరారు. ఆ నగరంలోనే పేరెన్నికగన్న ఢిల్లీ కళాశాల ఉండేది; దాని గడప తొక్కాలన్న ఆలోచన అయినా ఆయనకు కలుగలేదు. ఆయన మసలిన వారి దృష్టిలో ఆంగ్లవిద్య కేవలం నౌకరీకి సాధనం. అది విద్యగా లెక్కకు రాదు. ఏడాదిన్నర తిరుగకముందే ఇంటివారు ఆచూకీ తీసి పానిపట్టుకు మరలించుకొని పోయారు. 1856లో హిస్సారు కలెక్టరు కచేరీలో స్వల్ప వేతనంపై ఉద్యోగం దొరికింది. ఇక జీవితం ఒక దారిన పడిందనుకునే లోపలే 1857 విప్లవం చెలరేగింది. ఉద్యోగం పోయింది. ప్రాణాలు దక్కించుకొని స్వస్థలానికి వస్తూ దారిలో దోపిడీకి గురయ్యారు.

అటుపై సుమారు నాలుగు సంవత్సరాలు పానిపట్టులో నిరుద్యోగం. ఈ నాలుగేళ్ళను గ్రంథకర్తలు ఒక్క వాక్యంతో దాటిపోతారు. కాని ఆ కాలమే ఆయనను నిలబెట్టింది. చేతిలో పని లేదు, తిరిగి దొరుకుతుందన్న ఆశ లేదు. ఆయన ఊరి పండితుల వద్దకు వెళ్ళి, ఎవరి వద్ద ఏది లభిస్తే అది, తర్కమో వేదాంతమో హదీసు వ్యాఖ్యానమో, ఒక వరుస లేకుండానే అభ్యసించారు. దానికి పట్టా లేదు, దానివల్ల ఒక్క రూపాయి రాలేదు.

మరల ఢిల్లీ చేరిన పిమ్మట ఆయనకు ఇద్దరు పెద్దల సాన్నిహిత్యం లభించింది. ఒకరు మీర్జా గాలిబ్. తన్నాశ్రయించిన యువకులను కవిత్వం జోలికి పోవద్దని సాధారణంగా వారించే ఆ మహాకవి, హాలీ విషయంలో మాత్రం కవిత్వం వ్రాయకుంటే తన స్వభావానికే అన్యాయం చేసుకున్నట్లని హెచ్చరించారట. రెండవవారు జహంగీరాబాదు జాగీర్దారు నవాబు ముస్తఫా ఖాన్ షేఫ్తా. 1863 ప్రాంతం నుండి కొన్ని సంవత్సరాలు హాలీ ఆ నవాబుగారి బిడ్డలకు చదువు చెబుతూ ఆయన ఆంతరంగికులలో ఒకరుగా ఉన్నారు. గాలిబ్ వంటి గురువు చేసిన సవరణల కంటె షేఫ్తా సాంగత్యమే తనకు అధికంగా ఉపకరించినదని హాలీ స్వయంగా అంగీకరించారు. అతిశయోక్తులు షేఫ్తాకు గిట్టవు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పి, ఆ చెప్పడంలోనే అందాన్ని తేవాలన్నది ఆయన అభిరుచి. హాలీ రచనలోని నిరాడంబరతకు బీజం అక్కడ పడింది.

1869లో గాలిబ్, షేఫ్తా ఇరువురూ ఒకే సంవత్సరంలో అస్తమించారు. ముప్పది రెండేళ్ళ వయసులో, కుటుంబ భారంతో, హాలీ తిరిగి ఏ ఆధారమూ లేనివారయ్యారు.

ఈసారి దొరికిన ఉద్యోగం లాహోరులోని పంజాబు ప్రభుత్వ పుస్తక భాండాగారంలో. ఆంగ్లం నుండి ఉర్దూలోకి ఇతరులు అనువదించిన పుస్తకాల భాషను సరిదిద్దడం ఆయన విధి. ఆయనకు ఆంగ్లం రాదు. సంప్రదాయ విద్యలో ఆరితేరిన పండితునికి ఇది చిన్నతనంగా తోచవలసిన పని. రోజంతా పరుల వాక్యాలకు మెరుగులు దిద్దడంలో ఏ కవికి తృప్తి ఉంటుంది? కాని హాలీ ఆ అనువాదాలను సరిదిద్ది ఊరుకోలేదు, చదివారు. తాను ఒకనాడు తొంగి చూడని విద్య వాటి ద్వారా నాలుగేళ్ళలో ఆయనను చేరింది. అంతవరకు సర్వస్వమనుకున్న పారసీక కావ్య సంప్రదాయంపై ఆయనకు గల మోజు క్రమంగా సడలింది. బ్రతుకుతెరువు కోసం చేపట్టిన గుమాస్తాపని విశ్వవిద్యాలయం వలె పనిచేసిందన్నమాట. మన విద్యార్థులలో పలువురు తాము చదివినదానికి సంబంధం లేని ఉద్యోగాలలో చేరి చింతిస్తూ ఉంటారు. వారు ఈ లాహోరు అధ్యాయాన్ని తప్పక గమనించాలి.

ఫలితం త్వరలోనే వెల్లడయింది. 1874లో లాహోరులో అంజుమనె పంజాబు ఆధ్వర్యంలో, ముహమ్మద్ హుసేన్ ఆజాద్ ప్రోత్సాహంతో ఒక కొత్త తరహా ముషాయిరాలు ప్రారంభమయ్యాయి. పాదమిచ్చి గజల్ అల్లమనే ఆచారానికి మారుగా, వాటిలో ఒక విషయమిచ్చి పద్యం వ్రాయమనేవారు. హాలీ వర్షర్తువును, ఆశను, దయకు న్యాయానికి మధ్య వాదాన్ని, దేశభక్తిని వస్తువులుగా గ్రహించి నాలుగు కావ్యఖండికలు వినిపించారు. ఒకప్పుడు 'ఖస్తా', అనగా అలసి డస్సినవాడు, అన్న కలం పేరు పెట్టుకున్న ఆయన దానిని విడిచి 'హాలీ' అయ్యారు. ఆ మాటకు వర్తమాన కాలానికి చెందినవాడని అర్థం. పేరుకు తగిన కవిత్వం లాహోరులోనే మొదలైనదని చెప్పవచ్చును.

అనంతరం ఢిల్లీలోని ఆంగ్లో అరబిక్ పాఠశాలలో ఉపాధ్యాయ పదవి, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ప్రేరణతో 1879లో 'ముసద్దస్' వెలువడటం, దానికి అపూర్వమైన ఆదరణ, దానితోపాటు అపహాస్యం. లక్నో హాస్యపత్రిక 'అవధ్ పంచ్' ఆయనను ఏళ్ళ తరబడి ఎగతాళి చేసింది. ఈ సంగతులు సర్వవిదితం. నేను ప్రస్తావింపదలచినది మన ప్రాంతానికి సంబంధించిన మరొక సంగతి.

1887 ప్రాంతంలో నిజాం ప్రభుత్వ ప్రధానమంత్రి సర్ ఆస్మాన్ జా అలీగఢ్‌ను సందర్శించినపుడు హాలీకి గ్రంథరచన నిమిత్తం హైదరాబాదు ఖజానా నుండి నెలకు 75 రూపాయలు మంజూరు చేశారు. 1891లో హాలీ సర్ సయ్యద్ బృందంతో హైదరాబాదు వచ్చినపుడు మరో 25 రూపాయలు చేర్చి దానిని 100 హాలీ సిక్కా రూపాయలు చేశారు. (1950ల దాకా హైదరాబాదులో చలామణి అయిన ఆ నాణేనికీ, కవిగారి కలం పేరుకూ మూలం ఒకే మాట కావడం వినోదకరం.) ఈ భృతి లభించగానే ఆయన పాఠశాల ఉద్యోగం విరమించి పానిపట్టు చేరుకున్నారు. అప్పటికి ఆయనకు 54 ఏళ్ళు. సాధారణంగా మనిషి విశ్రాంతి కోరే వయసు.

ఆ తరువాత వెలువడినవి చూడండి. కవిత్వం ఎట్లుండాలో తర్కబద్ధంగా చర్చించిన 'ముఖద్దమా' 1893లో. గాలిబ్‌ను లోకానికి మనిషిగా పరిచయం చేసిన 'యాద్గారె గాలిబ్' 1897లో. సర్ సయ్యద్ జీవితాన్ని నిరూపించిన బృహద్గ్రంథం 'హయాతె జావేద్' 1901లో. ఉర్దూ విమర్శ, ఉర్దూ జీవిత చరిత్ర అనే రెండు శాఖలకు మూలస్తంభాలు ఈ నెలకు వంద రూపాయల నీడన నిలిచాయి. పాఠాలు చెప్పి అలసిన సాయంకాలాలలో అవి వ్రాయబడి ఉండేవని నేను నమ్మలేను. కళాశాల పాలకవర్గపు పెద్దలు మన బీద విద్యార్థుల ఉపకారవేతనాల పద్దు చర్చకు వచ్చినపుడు ఈ 25 రూపాయల పెంపును ఒకసారి మనసున ఉంచుకోవలసిందిగా ప్రార్థన.

1904లో ప్రభుత్వం ఆయనకు షమ్సుల్ ఉలమా బిరుదునిచ్చింది. మరుసటి సంవత్సరం స్త్రీల మౌనానికి న్యాయం కోరుతూ 'చుప్ కీ దాద్' ప్రచురించారు. 1914 డిసెంబరు 31న పానిపట్టులో కన్నుమూశారు. అక్కడే, బూ అలీ షా కలందర్ దర్గా ఆవరణలో ఆయన సమాధి ఉన్నది.