దీపస్తంభములోని గ్రేస్ డార్లింగ్

ధ్యానము: మత్తయి 5:14–16

ఇంగ్లండు ఈశాన్య తీరమున ఫార్న్ దీవులను రాతిదీవుల గుంపు కలదు. ఓడలకు దారి తెలుపుటకు అచ్చటి లాంగ్‌స్టోన్ దీవిపై దీపస్తంభము కట్టిరి. దాని దీపమును కాయు విలియం డార్లింగ్ కుమార్తెయే గ్రేస్. ఈమె 1815లో జన్మించెను.

1838 సెప్టెంబరు 7న తెల్లవారుజామున, గాలివానలో, బాయిలరు చెడిన ఒక ఆవిరి ఓడ ఆ రాళ్లకు కొట్టుకొని పగిలెను. నలువదిమందికి పైగా చనిపోయిరి. దీపము వెలుగుచునే యున్నది. కాని రాతిమీద వణకుచున్నవారిని దీపము తీసికొని రాజాలదు. గ్రేస్ కిటికీలోనుండి వారిని చూచి తండ్రితోకూడ చిన్న పడవ ఎక్కెను. ఇద్దరును సుమారు మైలు దూరము తెడ్లు వేసిరి. తండ్రి రాతిమీదికి దుమికినప్పుడు, ఆ అలలలో ఆమె ఒంటరిగా పడవను నిలిపెను. మొదట అయిదుగురిని తెచ్చిరి. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిని గ్రేస్ ఆదరించుచుండగా, అప్పుడే ప్రాణము దక్కిన ఇద్దరు నావికులు ఆమె తండ్రితో మరల వెళ్లి మిగిలిన నలుగురిని తెచ్చిరి.

దేశమంతట పేరు వచ్చినను గ్రేస్ దీపస్తంభములోనే కాపురముండెను. 1842లో క్షయవ్యాధిచే 26 ఏండ్లకే మరణించెను.

సహోదరులారా, మన గుడిలో దీపము వెలుగుచున్నది. పొరుగువాడు రాతిమీద చిక్కిననాడు మనము పడవ ఎక్కుదుమా? రక్షణ పొందినవారము మరియొకరికొరకు తెడ్డు పట్టుదుమా?