తేడాలను వెదకిన మేధావి: చార్లెస్ బాబేజి

ఒకే లెక్కను ఇద్దరు వేరువేరుగా చేసినప్పుడు ఫలితం ఒక్కటే రావాలి. రాకపోతే ఇద్దరిలో ఒకరైనా పొరబడి ఉండాలి. ఈ సామాన్య సత్యాన్ని నమ్ముకొని మానవుడు శతాబ్దాల తరబడి తన లెక్కలను, తన వ్రాతలను సరిచూచుకుంటూ వచ్చాడు. నకలును మూలంతో పోల్చి సరిదిద్దడాన్ని అరబ్బీ లేఖకులు ముకాబలా అన్నారు. ఉర్దూ చదువుకున్న మన విద్యార్థులకు ఆ మాట పరిచితమే. నేడు ఆ పనిని కంప్యూటరు చేస్తున్నది. రెండు ఫైళ్ళ పేర్లు చేర్చి ఒక్క పంక్తి కమాండు టైపు చేస్తే, వాటిలో ఎక్కడెక్కడ భేదమున్నదో క్షణంలో చూపుతుంది. కాని ఇలా సరిచూచే పనిలోని విసుగు నుండే గణన యంత్రమనే ఊహ ఒక మహామేధావి మనస్సులో పుట్టిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ మేధావి చార్లెస్ బాబేజి.

బాబేజి 1791 డిసెంబరు 26న లండనులో జన్మించాడు. తండ్రి బెంజమిన్ బాబేజి సంపన్నుడైన బ్యాంకరు. 1810లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరేనాటికే ఆయన గణితంలో ఎంతో చదివి ఉన్నాడు. అక్కడి బోధన ఐరోపా ఖండంలోని గణితానికి వెనుకబడి ఉన్నదని గ్రహించి, 1812లో జాన్ హెర్షెల్, జార్జి పీకాక్ మొదలైన మిత్రులతో కలసి విశ్లేషణ సమాజాన్ని స్థాపించాడు. 1814లో పట్టభద్రుడైనాడు. ఆ ఏడే జార్జియానా విట్మోర్‌ను వివాహమాడాడు. 1816లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

ఆ కాలంలో కంప్యూటరు అన్న మాటకు అర్థం యంత్రం కాదు, లెక్కలు చేసే మనిషి. సముద్రం మీద నావికుడు తన ఓడ ఎక్కడున్నదో తెలుసుకోవడానికి నాటికల్ అల్మనాక్ అనే పంచాంగంలోని అంకెలే ఆధారం. ఒక్క అంకె తప్పితే ఓడ దారి తప్పవచ్చు, ప్రాణాలు పోవచ్చు. అందుకే 18వ శతాబ్దంలో ఆ పంచాంగానికి ఒకే లెక్కను ఇద్దరు మనుషుల చేత విడివిడిగా చేయించి, ఆ రెండింటినీ పోల్చడానికి మూడవ వ్యక్తిని నియమించేవారు. చాలాకాలం ఆ పని చేసిన మలాకై హిచిన్స్ అనే మతాచార్యుని ఉద్యోగం పేరే పోల్చువాడు! ఒకసారి ఇద్దరు గణకులు ఒకరి లెక్కను మరొకరు చూచి వ్రాసుకున్నట్లు బయటపడగా, వారిని పనిలోనుండి తొలగించారు. వారి తప్పు కేవలం బద్ధకం కాదు. ఇద్దరి లెక్కలు ఒక్కటైతే అది సత్యమనే నమ్మకాన్నే వారు చెరిచారు.

1821లో బాబేజి, హెర్షెల్ ఖగోళ సమాజం కోసం తయారైన పట్టికలను సరిచూడడానికి కూర్చున్నారు. విడివిడిగా చేసిన లెక్కలను పక్కపక్కన పెట్టి అంకె వెంట అంకె పోలుస్తుంటే తప్పుల మీద తప్పులు బయటపడ్డాయి. విసిగిపోయిన బాబేజి, ఈ లెక్కలన్నీ ఆవిరి శక్తితో నడిస్తే ఎంత బాగుండునని వాపోయాడు. ఆ మాటే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

1822లో ఒక చిన్న నమూనా యంత్రాన్ని తయారుచేసి చూపాడు. దాని సూత్రం సులభం. 1, 4, 9, 16 అనే వర్గ సంఖ్యల మధ్య భేదాలు 3, 5, 7. ఆ భేదాల మధ్య భేదం ఎప్పుడూ 2. కాబట్టి గుణకారం లేకుండా, కేవలం కూడికతో పట్టిక మొత్తం పెంచుకుంటూ పోవచ్చు. ఈ భేదాల పేరనే దానిని డిఫరెన్స్ ఇంజన్ అన్నారు. లెక్క సరిగా ఉన్నా, దాన్ని ఎత్తి వ్రాసేటప్పుడు, అచ్చుకు అక్షరాలు కూర్చేటప్పుడు తప్పులు దొర్లుతాయి. అందుచేత ఫలితాన్ని యంత్రమే అచ్చువేయాలని ఆయన సంకల్పించాడు. 1823లో ప్రభుత్వం ధనసహాయం మొదలుపెట్టింది. 1824లో ఖగోళ సమాజం స్వర్ణపతకమిచ్చి సన్మానించింది.

1827 ఆయనకు దుఃఖ సంవత్సరం. తండ్రి, భార్య, ఇద్దరు బిడ్డలు ఆ ఒక్క ఏడాదిలోనే మరణించారు. ఆ ఏడే 1 నుండి 1,08,000 వరకు సంఖ్యలకు ఆయన సిద్ధం చేసిన సంవర్గమాన పట్టికలు వెలువడ్డాయి. మన కళాశాలల్లో లాగ్ టేబుల్స్ అని వ్యవహరించేవి ఇవే. వీటి ప్రూఫులను పూర్వుల పట్టికలతో పలుమార్లు పోల్చి చూచాడు. ఈ పరిశ్రమలో ఆయనకొక విచిత్రం గోచరించింది. 1628లో హాలండులోని గౌడా నగరంలో వ్లాక్ ప్రచురించిన పట్టికలోని ఆరు తప్పులు, ఆ తరువాత వచ్చిన అనేక పట్టికలలో అవే చోట్ల, అవే అంకెలతో కనిపించాయి. రాయల్ సొసైటీ గ్రంథాలయంలో చైనాలో అచ్చయిన ఒక పట్టిక ఉన్నది. దాన్ని ఎక్కడినుండి గ్రహించారో అందులో చెప్పలేదు. బాబేజి తెరచి చూస్తే ఆ ఆరు తప్పులూ అందులోనూ ఉన్నాయి! ఇక సాక్ష్యమెందుకు? సరియైన అంకె ఎవరు లెక్కవేసినా వస్తుంది. ఆరు చోట్ల ఒకే రకమైన తప్పు రావాలంటే చూచి వ్రాసి ఉండాలి.

1828లో, ఒకప్పుడు న్యూటన్ అధిష్ఠించిన కేంబ్రిడ్జి గణితాచార్య పీఠం బాబేజికి లభించింది. కాని యంత్రం ముందుకు సాగలేదు. 25,000 భాగాల ఆ యంత్రంలో కొంత భాగం మాత్రం 1832లో పూర్తియై చక్కగా పనిచేసింది. నిర్మాత జోసెఫ్ క్లెమెంటుతో వివాదం వచ్చి 1833లో పని ఆగిపోయింది. సుమారు 17,500 పౌనులు వెచ్చించిన ప్రభుత్వం 1842లో చేతులెత్తేసింది. ఈలోగా బాబేజి మనస్సు అంతకంటె గొప్పదైన అనలిటికల్ ఇంజన్ మీదికి పోయింది. చిల్లుల కార్డులతో ఆజ్ఞలందుకొని ఎట్టి లెక్కనైనా చేయగల ఆ యంత్రాన్ని గురించి 1843లో అడా లవ్‌లేస్ వ్రాసిన వివరణ నేటికీ ప్రసిద్ధం. స్వీడనుకు చెందిన షోయిట్జ్ తండ్రీకొడుకులు 1853లో భేద యంత్రాన్ని పూర్తిచేసినప్పుడు అసూయపడక, వారికి గౌరవం దక్కేందుకు తోడ్పడిన ఔదార్యం బాబేజిది. తన యంత్రం పూర్తికాగా చూచే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1871 అక్టోబరు 18న కన్నుమూశాడు. 1847–49 మధ్య ఆయన గీసిన రెండవ భేద యంత్రపు పటాల ప్రకారం లండను సైన్సు మ్యూజియం వారు 1991లో గణన భాగాన్ని, 2002లో ముద్రణ భాగాన్ని నిర్మించారు. యంత్రం నడిచింది. ఆయన లెక్క తప్పలేదు.

పోల్చే పని నేడు ఎంత సులభమైనదో చూడండి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో రూపొందిన యూనిక్స్ వ్యవస్థలో సిఎంపి అనే కమాండు రెండు ఫైళ్ళను బైటు వెంట బైటుగా పోల్చి, మొదటి భేదం ఎన్నవ బైటులో, ఎన్నవ పంక్తిలో ఉన్నదో చెప్పి ఆగిపోతుంది. ఐతే ఒక ఫైలు మొదట్లో ఒక్క పంక్తి అదనంగా చేరితే, తరువాతిదంతా జరిగిపోయి అంతా తేడాగానే తోస్తుంది. ఈ చిక్కు తీర్చినది 1974 నాటి డిఫ్ కమాండు. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్, జేమ్స్ హంట్ దీనికి ఆద్యులు. రెండు ఫైళ్ళలోనూ ఒకే వరుసలో వచ్చే పంక్తులలో అతి దీర్ఘమైన వరుసను అది మొదట పట్టుకొని, మిగిలినవాటినే తేడాలుగా చూపుతుంది. యంత్రం పేరులోని భేదం సంఖ్యల మధ్యది, ఈ కమాండు పేరులోని భేదం ప్రతుల మధ్యది. బాబేజి జీవితంలో రెండూ కలిశాయి.

ఫైళ్ళు అచ్చంగా ఒక్కటైతే ఈ కమాండ్లు ఏమీ పలుకవు. మౌనం అర్ధాంగీకారమంటారు. ఇక్కడి మౌనం పూర్ణాంగీకారం. కాని ఆ అంగీకారం దేనికి? రెండు ప్రతులు ఒక్కటే అన్నందుకు మాత్రమే, అవి నిజమన్నందుకు కాదు. వ్లాక్ పట్టికను, చైనా పట్టికను ఆ ఆరు చోట్ల ఈ కమాండుకు అప్పగించినా అది మౌనంగానే ఉండేది.

విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంతే. పక్కవాని సమాధానం చూచి వ్రాసుకున్నవాడు అతని ఒప్పులతోపాటు తప్పులనూ తెచ్చుకుంటాడు. పైగా ఇద్దరి సమాధానాలూ కలిశాయన్న అబద్ధపు ధైర్యాన్ని కూడ తెచ్చుకుంటాడు. నాలుగు పుస్తకాలలో ఒకే మాట కనబడినంత మాత్రాన నాలుగు సాక్ష్యాలున్నాయని మనం భ్రమపడరాదు. ఆ నాలుగూ ఒక్కదానికి నకళ్ళేమో విచారించాలి. స్వయంగా చేసిన లెక్క తప్పయినా సరే, మరొకరి లెక్కతో పోల్చినప్పుడు సత్యానికి దారి చూపుతుంది. ఎత్తి వ్రాసిన లెక్క ఒప్పయినా, దాని సాక్ష్యానికి విలువ లేదు. యంత్రం తేడాను మాత్రమే చూపగలదు. తేడా కనబడినప్పుడు ఏది నిజమో, కనబడనప్పుడు ఎందుకు కనబడలేదో విచారించే బాధ్యత మన మీదనే ఉన్నది.