యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బీదతనము వలన వారి చదువు పలుమార్లు కుంటుపడెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ మారు కృతార్థులై, పిదప మదరాసులో వైద్యవిద్య నభ్యసించిరి.

యౌవనముననే వారికి పెద్ద దుఃఖము కలిగెను. ఇద్దరు సోదరులు స్ప్రూ అను వ్యాధిచే కొద్దిదినముల యెడముతో మరణించిరి. తినిన అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి కృశించు వ్యాధి అది. సుబ్బారావుగారికిని ఆ వ్యాధి రాగా, ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే బ్రతికి బయటపడిరి. తరువాత వారు అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ అను ఔషధ కంపెనీలో ప్రవేశించిరి.

అంతకు పూర్వమే, 1931లో, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత మార్మైట్ వలన కుదురునని కనుగొనెను. బీరు కాచిన పిదప మిగులు ఈస్టుతో చేయు ఆహారమది. అందున్న పోషక ద్రవ్యమేదో అప్పటికి తెలియదు. 1941లో టెక్సాసు పండితులు అట్టి ద్రవ్యమునే పాలకూర నుండి తీసి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. కాని స్వల్పమైన ద్రవ్యమునకు టన్నులకొలది ఆకు కావలసివచ్చెను.

1945లో సుబ్బారావుగారి బృందము ఆ ఆమ్లమును ప్రయోగశాలలోనే తయారుచేసెను. వారు దానిని కంపెనీ గోడల నడుమ దాచుకొనక, టామ్ స్పైస్ మొదలగు వెలుపలి వైద్యులకు అందజేసిరి. ఆ వైద్యులు రోగులకిచ్చి చూడగా ఒక విధమైన రక్తహీనతయు, స్ప్రూ వ్యాధియు తగ్గుముఖము పట్టెను. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఈ రీతిని లభించెను. వృక్షశాస్త్రాచార్యుడుగా ఉద్యోగ విరమణ చేసిన డగ్గర్‌గారు అదే కంపెనీలో పరిశోధించి, మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనిరి.

1948 ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. స్వదేశమును వారు మరల చూడలేదు.

గర్భస్థ శిశువులకు వెన్నుపాము లోపములు కలుగకుండుటకై, 1998 నుండి అమెరికాలో పోషకములు చేర్చిన గోధుమపిండిలో ఫోలిక్ ఆమ్లము కలుపవలెనను నిబంధన అమలులోనికి వచ్చెను. పిండిమరల వారు స్వయముగా దీనిని కనిపెట్టలేదు. బీరు కార్ఖానా వారు వదలిన ఈస్టు, బొంబాయి వైద్యురాలి శ్రద్ధ, టెక్సాసు పండితుల ఓర్పు, సోదరులను కోల్పోయిన తెలుగువాని పట్టుదల, ఇవన్నియు కలిసి ఆ పిండిలో చేరినవి.