బిల్లుకూ చట్టానికీ మధ్య సుందరయ్య

నెల్లూరు కోస్తాలో పెన్నకు ఉత్తరాన అలగానిపాడు అనే ఊరుంది. వెనకటి కోవూరు తాలూకా, ఇప్పటి విడవలూరు మండలం. తూర్పున సరుగుడు తోపులు, బకింగ్‌హాం కాల్వ, ఆపైన సముద్రం. పడమటినుంచి పెన్న ఆనకట్టల కాల్వలు తెచ్చే నీళ్లు. మధ్యన ఒకప్పుడు మొలగొలుకులకు పేరుబడ్డ మాగాణి. 1913 మే 1వ తేదీన ఆ ఊళ్లో, కలిగిన భూస్వామి ఇంట, పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి పుట్టారు. పేరు చివరనున్న కులం తోక తెంపేసుకుని సుందరయ్యగా మిగిలారు. జిల్లాలో ఆయన పేరు తెలియని రైతు ఉండడు.

ఆయన పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేవి రెండే: తెలంగాణా సాయుధ పోరాటం, పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లడం. రెండూ నిజమే. కానీ రైతుకు, కౌలుదారుకు, కూలికి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. భూమి గురించి ఒక బిల్లు సభలోకి వచ్చిన రోజుకీ, అది చట్టమై అమల్లోకి దిగిన రోజుకీ మధ్య ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లలో పొలం ఏమవుతుంది? సుందరయ్య రాజకీయ జీవితంలో పెద్ద భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. కొంత కాలం సభలో కూచుని, కొంత కాలం అజ్ఞాతంలో, కొంత కాలం జైల్లో.

తండ్రి వెంకట్రామిరెడ్డి పోయేనాటికి పిల్లవాడికి ఆరేళ్లు. తల్లి శేషమ్మ పెంచింది. చదువు చాలా ఊళ్లు తిరిగి చివరికి మద్రాసు లయోలా కాలేజీకి చేరింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం రాగానే కాలేజీ మానేసి జైలుకు పోయారు. వయసు చాలదు గనక తంజావూరు బోర్‌స్టల్ స్కూల్లో పెట్టారు. విడుదలై ఇంటికొచ్చిన కుర్రవాడు పొలం చూసుకుంటాడనుకున్నారు బంధువులు. ఆయన కూలీల దగ్గరికి పోయాడు. అలగానిపాడులో వ్యవసాయ కార్మికుల సంఘం పెట్టాడు. హరిజనుల్ని తోటి మనుషులుగా చూడమన్నాడు. తగాదా ఎక్కడో జమీందారుతో కాదు, సొంత గడపలోనే మొదలైంది. అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టయ్యారు. తరవాత తన వాటాకొచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. భూమి బిల్లు మీద సభలో మాట్లాడే మనిషికి తన పేర పొలం లేకపోవడం మన శాసనసభల్లో అరుదు.

1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాని సంయుక్త కార్యదర్శుల్లో ఆయనొకరు. ఆ మరుసటేడు మద్రాసులో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచి తమ కష్టాలు చెప్పుకున్నారు. రెవెన్యూ మంత్రి ప్రకాశం పంతులు అధ్యక్షతన జమీందారీల మీద విచారణ సంఘం వేశారు. 1938లో నివేదిక తయారైంది. భూమికి యజమాని రైతేననీ, శిస్తు 1802 నాటి మట్టానికి దించాలనీ అందులో ఉంది. నెల్లూరు జిల్లాలో వెంకటగిరి సంస్థానం రైతులు అంతకు ముందునుంచే నెల్లూరు వెంకట్రామా నాయుడు ‘జమీన్ రైతు’ పత్రిక చుట్టూ చేరి పోరాడుతున్నారు గనక, వాళ్లకది పండగలాంటి వార్త. 1939 జనవరిలో సభ ఆ నివేదికను బలపరిచింది. అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. బిల్లు రాలేదు.

ఆ బిల్లు రావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను రద్దుచేసి రైత్వారీలోకి మార్చింది. మంచిదే. అయితే పెన్న డెల్టాలో అలగానిపాడు, బుచ్చిరెడ్డిపాలెం వంటి ఊళ్లకు దానితో పని లేదు. అక్కడ చాలావరకు మొదటినుంచీ రైత్వారీయే. జమీందారు లేడు, వందల ఎకరాల పట్టాదారున్నాడు. ఆ పట్టాదారు జోలికి ఈ చట్టం పోదు. అంచేత కోస్తా కూలికీ కౌలుదారుకీ కావలసింది వేరే బిల్లు: కౌలు తగ్గించేదొకటి, భూమికి పరిమితి పెట్టేదొకటి.

జమీందారీ రద్దు చట్టం వచ్చిన రోజుల్లో సుందరయ్య అజ్ఞాతంలో ఉండి తెలంగాణా పోరాటాన్ని నడుపుతున్నారు. ఆయన 1972లో రాసిన పుస్తకం లెక్క ప్రకారం ఆ పోరాటం మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచింది. నాలుగు వేలమంది ప్రాణాలిచ్చారు. ఏ సభలోనూ బిల్లు పెట్టకుండా జరిగిన పంపకం అది. పోరాటం విరమించాక అందులో చాలా భూమి మళ్లీ దొరల చేతికి పోయింది. 1952లో ఆయన రాజ్యసభకు వెళ్లి అక్కడ కమ్యూనిస్టు పక్షానికి నాయకుడయ్యారు. సైకిలు కథ అప్పటిది.

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. ఏడాది గడిచేసరికి ప్రకాశం మంత్రివర్గం కూలి 1955లో మధ్యంతర ఎన్నికలొచ్చాయి. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు పడ్డాయి, 196 స్థానాల్లో 15 దక్కాయి. ఆ పదిహేనులో గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య స్థానమొకటి. ముఖ్యమంత్రి అయింది బెజవాడ గోపాలరెడ్డి, ఊరు బుచ్చిరెడ్డిపాలెం. ఇద్దరిదీ ఒకే పెన్న డెల్టా, ఒకే కులం, కలిగిన ఇళ్లు. ఒకాయన శాంతినికేతనం నుంచి వచ్చారు, ఒకాయన బోర్‌స్టల్ స్కూలు నుంచి. కర్నూలు సభలో ఒకరు ప్రభుత్వ బెంచీల్లో, మరొకరు ఎదుటి బెంచీల్లో. కోవూరు తాలూకా కూలి ఆ రెండు బెంచీలనూ చూసి ఏమనుకున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ ప్రభుత్వం కాలంలోనే 1956 ఆంధ్ర కౌలుదారీ చట్టం వచ్చింది. ప్రభుత్వ నీటివనరు కింద సాగయ్యే మాగాణికి పండిన పంటలో సగానికి మించి కౌలు తీసుకోరాదని అందులో పరిమితి. మెట్టకు నూటికి 45. వినడానికి బాగుంది. విత్తనం, ఎరువు, దున్నకం, కోత కూలి అన్నీ కౌలుదారు మీదపడితే మిగిలిన సగంలో అతనికి దక్కేదెంత? పైగా కౌలు కాగితం మీద లేదు, నోటిమాట మీద ఉంది. నోటిమాటను చట్టం ముందు నిరూపించుకోబోతే వచ్చే ఏడాది పొలం ఉండదు. 1974లో సవరణ తెచ్చి కౌలుకు కనీసం 6 ఏళ్ల గడువన్నారు. అది కూడా కాగితంగల కౌలుకే పనికొచ్చింది. చాలాకాలం తరవాత, 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టమొచ్చింది. 2019లో దాన్ని తీసేసి 11 నెలల సాగు హక్కు పత్రం పెట్టారు. దానికి భూయజమాని సంతకం కావాలి. కర్నూలు సభలో మొదలైన చిక్కు 63 ఏళ్లయినా అక్కడే నిలబడింది: కౌలుదారు హక్కు యజమాని వేలి చివరనే ఉంది.

ఇక పరిమితి సంగతి. భూకమతాలకు గరిష్ఠ పరిమితి ఉండాలన్న మాట మొదటి పంచవర్ష ప్రణాళికలోనే ఒప్పుకున్నారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు మళ్లీ తీర్మానించింది. ఆంధ్రప్రదేశ్‌లో చట్టం అమల్లోకి వచ్చింది 1961 జూన్ 1న. మాట పుట్టడానికీ చట్టం దిగడానికీ మధ్య ఎనిమిదేళ్ల పైమాటే.

బిల్లు ప్రయాణం రైతులకు తెలియనిదేం కాదు. తల్లి కాల్వలో వదిలిన నీళ్లు ఆఖరి మడికి చేరడంలాంటిదే. ముందు బిల్లును సభలో ప్రవేశపెడతారు. సూత్రాల మీద చర్చ. సెలెక్టు కమిటీకి పంపుతారు. తిరిగొచ్చాక క్లాజు వెంట క్లాజు, సవరణ వెంట సవరణ. 1958 జులై నుంచి మనకు శాసనమండలి కూడా వచ్చింది గనక అక్కడ మళ్లీ మొదలు. భూమి బిల్లయితే రాష్ట్రపతి ఆమోదం కావాలి. గెజెట్‌లో పడాలి. ఆపైన రూల్సు. రూల్సొచ్చాక అమలు తేదీ. కాల్వ పొడుగునా ప్రతి తూము దగ్గరా ఎవరో ఒకరు గండి కొట్టుకుంటారు. నీళ్లకయితే లస్కరున్నాడు. బిల్లుకు లస్కరెవరు?

ఆ ఎనిమిదేళ్లలో పొలాలు రిజిస్ట్రారు ఆఫీసుకు నడిచాయి. అన్నదమ్ముల పంపకాలు, కోడళ్ల పేర దఖలు, జీతగాళ్ల పేర బినామీ పట్టాలు. కాగితం మీద విడిపోయిన కుటుంబాలు ఒకే పొయ్యి మీద వండుకున్నాయి. తీరా చట్టమొచ్చాక చూస్తే పరిమితి మేలురకం మాగాణికి 27 ఎకరాలు, నాసిరకం మెట్టకు 324 ఎకరాలు. అప్పటికే విడగొట్టుకున్న భూస్వామికి ఆ పరిమితి గడప దాటాల్సిన పనే లేదు. పరిమితి తగ్గించాలి, చట్టాన్ని ఎగవెయ్యడానికి చేసిన బదిలీలు చెల్లవనాలి. కమ్యూనిస్టు సభ్యుల పట్టు ఈ రెండింటి మీదే. లెక్కలంటే సుందరయ్యకు ప్రీతి. ఏ తరగతి నేల ఎంత, ఏ ప్రాజెక్టు కింద ఎంత ఆయకట్టు అని కూడికలు వేసుకుని సభకు పోయే రకం. అయినా చేతులెత్తే లెక్కలో కమ్యూనిస్టులు తక్కువమందే. ఆ చట్టం కింద పేదలకు దక్కిన భూమి చెప్పుకోదగ్గది కాదు.

1964లో పార్టీ చీలింది. సుందరయ్య సి.పి.ఐ.(ఎం) ప్రధాన కార్యదర్శయ్యారు. ఆ వెంటనే జైలు. 1967తో సభ్యత్వం ముగిసింది. రెండో సీలింగు బిల్లు వచ్చేటప్పటికి ఆయన సభలో లేరు. 1972లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఆ బిల్లు తెచ్చింది. అది పాత తప్పు నుంచి కొంత నేర్చుకుందనే చెప్పాలి. 1971 జనవరి 24 తరవాతి బదిలీ చట్టాన్ని ఎగవెయ్యడానికి చేసింది కాదని రుజువు చేసుకునే భారం భూస్వామి మీదే పెట్టింది. 1972 మే 2 నుంచి అసలు అమ్మకాలనే నిలిపింది. అయిదుగురి కుటుంబానికి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. 1973 జనవరి 1న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. ఆ నెలలోనే జై ఆంధ్ర గొడవల మధ్య మంత్రివర్గం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. అమలు తేదీ 1975 జనవరి 1. ఆమోదం పొందిన చట్టం రెండేళ్లపాటు అలమారాలో నిద్రపోయింది.

ఆ విరామంలో, 1974లో, సుందరయ్య ఊళ్లకు పోయి ఇంటింటి లెక్క తీయించారు. కృష్ణా డెల్టాలో రెండు గ్రామాలు, అందులో ఒకటి గుంటూరు జిల్లా అనంతవరం. ఎవరికెంత పొలముంది, ఎవరు సొంతాన చేస్తున్నారు, ఎవరు కౌలుకిస్తున్నారు, ఎవరు కూలికి పోతున్నారు. ఆ ఫలితాలు 1977లో ‘సోషల్ సైంటిస్ట్’ పత్రికలో అచ్చయ్యాయి. అరవై దాటిన అఖిలభారత పార్టీ నాయకుడు ఒక ఊరి పొలాలు ఎకరం వెంట ఎకరం లెక్కపెట్టించడం కొందరికి చిన్న పనిగా తోచి ఉండవచ్చు. ఈ వ్యాసకర్తకు మాత్రం అది ఆయన సభలో చేసిన పనికంటే తక్కువది కాదనిపిస్తుంది. చట్టం పుస్తకంలో ఉన్న భూమికీ నేల మీదున్న భూమికీ తేడా ఊళ్లోనే తేలుతుంది. అదే అనంతవరాన్ని 2006లో వ్యవసాయ పరిశోధకులు మళ్లీ సర్వే చేశారు, ఆయన లెక్కలు పక్కన పెట్టుకుని.

సీలింగు చట్టంలో ఇంకో తూము 1977లో తెరిచారు. పేర భూమిలేని మేజరు కొడుకులుంటే తలకొక ప్రామాణిక కమతం చొప్పున కుటుంబ పరిమితి పెరుగుతుందని సవరణ. పదేళ్లలో బిల్లు ఎంత బిగించిందో ఒక్క క్లాజు అంత వదులు చేసింది. 1943లో లీలను పెళ్లాడిన సుందరయ్య బిడ్డలు వద్దనుకున్న మనిషి. కొడుకులూ లేరు, పొలమూ లేదు. సవరణతో ఆయనకేం లాభం!

1978లో మళ్లీ గన్నవరం నుంచే గెలిచి సభకొచ్చారు. అప్పటికి అరవై అయిదేళ్లు. అంతకు రెండేళ్ల ముందే ప్రధాన కార్యదర్శి పదవి వదులుకున్నారు. సి.పి.ఐ.(ఎం)కు సభలో ఎనిమిదిమంది. సీలింగు కేసులు భూసంస్కరణల ట్రిబ్యునళ్లనుంచి అప్పిలేటు ట్రిబ్యునళ్లకూ, అక్కడినుంచి హైకోర్టుకూ ఎక్కుతూ ఉన్నాయి. సభలో ప్రశ్నలు వేయడం, బయట బంజర్ల కోసం పేదల్ని కదిలించడం రెండూ నడిచాయి. 1983తో ఆ సభ్యత్వం ముగిసింది. 1985 మే 19న మద్రాసులో సుందరయ్య కన్నుమూశారు. ఆయన పోయిన పదమూడో రోజున, జూన్ 1న, శాసనమండలి రద్దయింది. బిల్లుల దారిలో ఒక మజిలీ తగ్గింది. 2007లో దాన్ని మళ్లీ పెట్టారు.