మర్రినీడ

పల్లెటూరి విద్యార్థికి ప్రతిభ ఉంటే చాలదు. పట్టణంలో తల దాచుకోవడానికి చోటు కూడా కావాలి. పాఠశాల తలుపులు తెరిచే ఉన్నా, రాత్రి పడుకోవడానికి తావు లేక, రెండు పూటలా తిండి దొరకక చదువు మానుకున్నవారు ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో ఎందరో. ఆ కష్టాన్ని స్వయంగా అనుభవించి, జీవితమంతా దాని నివారణకే వెచ్చించిన మహనీయుడు భావురావ్ పాటిల్. మహారాష్ట్ర ప్రజలు ఆయనను కర్మవీరుడని గౌరవించారు.

భావురావ్ 1887 సెప్టెంబరు 22న కొల్హాపూర్ ప్రాంతంలోని కుంభోజ్ గ్రామంలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. ఉన్నత పాఠశాల చదువు కోసం భావురావ్ కొల్హాపూర్ చేరి, తమ మతస్థుల వసతిగృహంలో ఉండేవారు. 1908లో ఆ పట్టణంలో అస్పృశ్యులుగా పరిగణింపబడే విద్యార్థుల కోసం ఒక వసతిగృహం ప్రారంభమైంది. భావురావ్ ఆ సభకు వెళ్ళివచ్చారు. శుద్ధిస్నానం చేస్తేగాని లోపల అడుగు పెట్టరాదని నిర్వాహకులు శాసించారు. ఒక్క చెంబెడు నీళ్ళు తలపై పోసుకుంటే తీరిపోయే వ్యవహారమే. కాని తోటి మనిషిని కలిసినందుకు మైల అంటుకుందని ఒప్పుకోవడానికి ఆయన మనసు అంగీకరించలేదు. ఫలితంగా వసతిగృహం నుంచి వెళ్ళగొట్టబడ్డారు. అప్పుడు కొల్హాపూర్ ప్రభువు శాహూ మహారాజు ఆశ్రయమే ఆయనకు దిక్కయింది. కులానికొక వసతిగృహాన్ని నెలకొల్పించి విద్యార్థులను ఆదుకొన్న ప్రభువాయన.

భావురావ్ చదువు ఆరవ తరగతితోనే ఆగిపోయింది. ఇళ్ళకు వెళ్ళి పాఠాలు చెప్పారు. కిర్లోస్కర్ వారి ఇనుప నాగళ్ళు అమ్ముతూ పల్లెపల్లెకూ తిరిగారు. 1914లో ఒక అభియోగంపై జైలు పాలయ్యారు. నాగళ్ళు అమ్ముతూ తిరిగిన రోజులే ఆయనకు అసలైన విశ్వవిద్యాలయమని చెప్పాలి. రైతుల ఇళ్ళలో పిల్లలు చదువుకు ఎందుకు దూరమవుతున్నారో అప్పుడే తెలిసివచ్చింది.

1919 అక్టోబరు 4న, విజయదశమినాడు, కరాడ్ సమీపంలోని కాలే గ్రామంలో ఆయన రయత్ శిక్షణ సంస్థను స్థాపించారు. ‘రయత్’ అంటే మన ‘రైతు’ అన్న మాటే. 1924లో సంస్థ సతారాకు మారింది. అక్కడ నెలకొల్పిన వసతిగృహంలో అన్ని కులాల పిల్లలూ ఒకే పంక్తిని కూర్చొని భుజించేవారు, ఒకే కప్పు కింద నిద్రించేవారు. వంట, నీళ్ళు, ఊడ్పు వారి వంతే. 1927 ఫిబ్రవరిలో మహాత్మా గాంధీ సతారా వచ్చినప్పుడు ఈ నిలయానికి శాహూ మహారాజు పేరు పెట్టారు.

ఈ కథలో భావురావ్ ఎంతో, ఆయన అర్ధాంగి లక్ష్మీబాయి అంతే. ఆచారాలు గల ఇంట పుట్టినా ఆమె కులభేదం మరచి ఆ పిల్లలందరికీ తల్లి అయింది. ధాన్యం నిండుకొన్నప్పుడల్లా ఒంటిమీది నగ ఒక్కొక్కటీ అంగడికి చేరేది. ఒకనాడు భర్త ఊళ్ళో లేని సమయాన గాదె పూర్తిగా ఖాళీ అయింది. అమ్మడానికి మిగిలినది మంగళసూత్రమే. ఆనాటి సమాజంలో భర్త జీవించి ఉండగా స్త్రీ దానిని తీయడమంటే ఎంతటి సాహసమో ఊహించవలసిందే. ఆమె దానినీ అమ్మి పిల్లలకు అన్నం పెట్టింది. 1930లో ఆమె కన్నుమూసింది. నిలయం మాత్రం మూతపడలేదు.

తరువాత పుణేలోనూ, ఇతర గ్రామాలలోనూ వసతిగృహాలు వెలిశాయి. ఉచితంగా పెట్టే అన్నం విద్యార్థి ఆత్మాభిమానాన్ని దెబ్బతీయకూడదని భావురావ్ భావన. అందుకే శ్రమించి ఆర్జిస్తూ చదువుకొనే పద్ధతిని ప్రవేశపెట్టారు. 1947లో సతారాలో ప్రారంభమైన ఛత్రపతి శివాజీ కళాశాలలో పేద విద్యార్థులు పొలం పనులు చేసి, తమ ఫీజుకూ భోజనానికీ బదులు ఆ శ్రమనే చెల్లించేవారు.

సంస్థ చిహ్నంగా ఆయన మర్రిచెట్టును ఎన్నుకొన్నారు. మర్రి కింద మరో మొక్క మొలవదని మనవారంటారు. ఆయన చూసింది మాత్రం నేలకు దిగి కొత్త మానులయ్యే ఊడలను. ఆయన జీవించి ఉండగానే వసతిగృహాల సంఖ్య 38కి చేరింది.

1959లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ బిరుదునిచ్చింది. ఆరవ తరగతి దాటని ఆ వ్యక్తిని పూనా విశ్వవిద్యాలయం అదే ఏడు డాక్టరేటుతో సత్కరించింది. అప్పటికే ఆయన ఆరోగ్యం క్షీణించింది. మే 9న ఆయన తుదిశ్వాస విడిచారు. పిల్లలకు నీడ కల్పించిన సతారాలోనే ఆయన సమాధి ఉంది.