రూపాయిని చదివిన అంబేడ్కర్

1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో 22 ఏళ్ల భీంరావ్ రాంజీ అంబేడ్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. చదువు పూర్తయ్యాక పదేళ్లు సంస్థానంలో పనిచేయాలన్నది ఒప్పందం. అక్కడ ఆయన ఎక్కువగా చదివింది అర్థశాస్త్రమే. ప్రభుత్వ విత్తశాస్త్రంలో పేరుమోసిన ఎడ్విన్ సెలిగ్మన్ ఆయన గురువు. 1915లో ఎంఏ పూర్తిచేసి, మరుసటి ఏడాది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లారు. ఉపకార వేతనం గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలోనే ఆపి తిరిగి రావాల్సి వచ్చింది.

ఒప్పందం ప్రకారం బరోడా కొలువులో చేరారు. అక్కడ బంట్రోతులు ఫైళ్లను చేతికివ్వకుండా దూరం నుంచి విసిరేవారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకుంటే, సంగతి బయటపడగానే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. రెండు పెద్ద విశ్వవిద్యాలయాల్లో చదివినా ఆ ఊళ్లో అద్దెకు ఒక గది పుట్టలేదు. ఆయన బొంబాయి తిరిగి వచ్చేశారు. వాటాల పెట్టుబడులపై సలహాలిచ్చే వ్యాపారం మొదలుపెడితే, కులం తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. 1918లో సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా ఉద్యోగం వచ్చింది. అక్కడా తమ కుండలో నీళ్లు తాగడానికి వీల్లేదని కొందరు తోటి అధ్యాపకులు అభ్యంతరం చెప్పారు.

జీతంలో మిగుల్చుకున్న డబ్బు, కొల్హాపూర్ పాలకుడు షాహూ మహారాజ్ సాయం, ఒక పార్సీ మిత్రుడి అప్పు కలిపి 1920లో ఆయన మళ్లీ లండన్ చేరారు. అర్ధాకలితో గ్రంథాలయాల్లో గడిపారు. 1921లో ఎంఎస్సీ పొందారు. రూపాయి సమస్యపై రాసిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథానికి మొదట అభ్యంతరాలు ఎదురైతే, సవరించి మళ్లీ సమర్పించారు. 1923లో డీఎస్సీ దక్కింది.

అప్పట్లో రూపాయి విలువను పౌండుకు ముడిపెట్టి నిలబెట్టే పద్ధతి నడిచేది. 1913లో వెలువరించిన పుస్తకంలో జాన్ మేనార్డ్ కీన్స్ దాన్ని సమర్థించారు. అంబేడ్కర్ దానితో ఏకీభవించలేదు. రూపాయికి విదేశాల్లో ఎంత ధర పలుకుతోందన్నది కాదు, దేశంలో దానితో ఎంత సరుకు వస్తుందన్నదే అసలు కొలమానం అన్నారు. ప్రభుత్వం ఇష్టానుసారం రూపాయలు ముద్రిస్తే ధరలు పెరుగుతాయి, ఆ భారం పేదల మీదే ఎక్కువగా పడుతుంది. అందుకే రూపాయల ముద్రణను పూర్తిగా ఆపి, బంగారు నాణేలకు టంకశాల తెరవాలని ప్రతిపాదించారు. ఆయన వాదనల్లో కొన్నింటితో విభేదించిన గురువు ఎడ్విన్ కానన్ కూడా పుస్తకానికి ముందుమాట రాశారు.

రాష్ట్రాల ఆదాయ వ్యయాలపై చేసిన పరిశోధన 1925లో పుస్తకంగా వచ్చింది. దానికి 1927లో కొలంబియా పీహెచ్‌డీ ఇచ్చింది. 1925లోనే కరెన్సీ వ్యవస్థపై ఏర్పాటైన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యమిచ్చారు. దేశానికి కేంద్ర బ్యాంకు ఉండాలని ఆ కమిషన్ సిఫార్సు చేసింది. 1935 ఏప్రిల్ 1న రిజర్వ్ బ్యాంకు ఏర్పడింది. దాన్ని ఆయన ఒక్కరి రూపకల్పనగా చెప్పడం అతిశయోక్తి. దానికి దారితీసిన చర్చలో ఆయన గొంతు వినిపించిందన్నది మాత్రం చరిత్ర.

పన్నుల ఆదాయాన్ని కేంద్రం, రాష్ట్రాలు ఎలా పంచుకోవాలన్నది ఆయన విద్యార్థిగా తలకెత్తుకున్న ప్రశ్న. ఆయన అధ్యక్షతన ముసాయిదా సిద్ధమైన రాజ్యాంగంలోని 280వ అధికరణ ఆ పనిని ఆర్థిక సంఘానికి అప్పగించింది. తమ వాటా తగ్గుతోందని దక్షిణాది రాష్ట్రాలు నేడు వాదిస్తున్నది కూడా ఆ సంఘం ముందే.